లియర్ మహారాజు లెక్క – షేక్స్‌పియర్ ఇంకా ఎందుకు నిలిచి ఉన్నాడు?

మన తరంలో కాలేజీ మెట్లెక్కిన వారికి షేక్స్‌పియర్ అనగానే ముందు గుర్తొచ్చేది పరీక్ష. సందర్భసహిత వ్యాఖ్యలు, గైడు పుస్తకాలు, బట్టీ పట్టిన ఆంటోనీ ఉపన్యాసం. పరీక్ష గట్టెక్కాక ఉద్యోగం వచ్చింది. ఫైళ్ళు, బదిలీలు, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు, చివరకు పూలదండ, శాలువాతో పదవీ విరమణ. మధ్యలో ఆ పెద్దమనిషి ఎక్కడో అటక మీద ఉండిపోయాడు.

ప్రపంచం మాత్రం ఆయనను అటక ఎక్కించలేదు. 2012లో లండన్‌లోని గ్లోబ్ నాటకశాలలో ఆయన నాటకాలు 37, 37 భాషల్లో ఆడారు. 2014 ఏప్రిల్ 23న అదే సంస్థ నటులు కొందరు ‘హామ్లెట్’ నాటకాన్ని మూటగట్టుకుని బయలుదేరి, రెండేళ్ళలో 190కి పైగా దేశాలు తిరిగి వచ్చారు. యుద్ధం వల్ల ఇళ్ళు వదిలి వచ్చిన శరణార్థుల శిబిరాల్లో కూడా ఆడారు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని వారు సైతం కూర్చుని చూశారు. నాలుగు వందల ఏళ్ళ కిందట పోయిన మనిషి ఇంతమందికి ఇంకా ఎందుకు కావలసి వస్తున్నాడు? పండితులు చెప్పే జవాబులు చాలా ఉన్నాయి. నాకు తోచిన జవాబు ఒక్కటే. దాన్ని ‘కింగ్ లియర్’ నాటకం ద్వారా చెప్పాలని నా ప్రయత్నం. ఆయన నాటకాలన్నిటిలోకీ పింఛనుదారుల గుండెకు దగ్గరగా వచ్చేది అదే కనుక.

దానికి ముందు ఆ నాటకాలు మన దాకా ఎలా వచ్చాయో చెప్పాలి. అది సహోద్యోగుల కథ కాబట్టి మన సంఘ సభ్యులకు నచ్చుతుంది.

షేక్స్‌పియర్ 1564లో స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్ళో, తోలు చేతితొడుగులు చేసి అమ్మే వ్యాపారి ఇంట పుట్టాడు. లండన్ చేరి నటుడయ్యాడు. 1594 నుంచి చివరిదాకా ఒకే నాటక సమాజంలో పనిచేశాడు. ఆ సమాజం మన సహకార సంఘం వంటిది. ముఖ్య నటులే వాటాదారులు. 1599లో గ్లోబ్ నాటకశాల కట్టినప్పుడు అందులో సగం బర్బేజ్ అన్నదమ్ములది, మిగతా సగం అయిదుగురు నటులది. ఆ అయిదుగురిలో ఈయన ఒకడు. అంటే పదో వంతు వాటా. నేల టిక్కెట్టు ఒక పెన్నీ. ఆ పెన్నీ ఇచ్చి ఎండలో, వానలో నిలబడి చూసే కూలివాడికీ, పై అంతస్తులో మెత్త మీద కూర్చునే దొరకూ ఒకే మధ్యాహ్నం ఒకే నాటకం నచ్చాలి. నచ్చకపోతే గల్లాపెట్టె ఖాళీ, అందులో తన వాటా కూడా ఖాళీ. ఆయన కళకు ఇదీ ఒక శిక్షణే అని నా అభిప్రాయం.

రాసిన నాటకాలు సమాజం ఆస్తి. వాటన్నిటినీ ఒకచోట చేర్చి అచ్చు వేసుకోవాలన్న తాపత్రయం ఆయనకు ఉన్నట్టు కనబడదు. 1616 ఏప్రిల్ 23న ఆయన చనిపోయే నాటికి దాదాపు సగం నాటకాలు అచ్చు ముఖం చూడలేదు. వీలునామాలో మాత్రం ముగ్గురు తోటి నటులను తలుచుకున్నాడు. జాన్ హెమింగ్స్, రిచర్డ్ బర్బేజ్, హెన్రీ కాండెల్ అనే ఆ ముగ్గురికీ జ్ఞాపకంగా ఉంగరాలు కొనుక్కొమ్మని తలా 26 షిల్లింగుల 8 పెన్నీలు రాశాడు. 1619లో బర్బేజ్ పోయాడు. మిగిలిన ఇద్దరూ పాత రాతప్రతులు వెతికి, 36 నాటకాలను 1623లో ఒక పెద్ద సంపుటంగా అచ్చు వేయించారు. వాటిలో 18 అంతకుముందు ఎక్కడా అచ్చు కానివి. ‘మాక్‌బెత్’, ‘జూలియస్ సీజర్’, ‘ట్వెల్త్ నైట్’, ‘టెంపెస్ట్’ అన్నీ ఆ 18లోవే. ఆ ఇద్దరూ పూనుకోకపోతే ఆంటోనీ ఉపన్యాసం బట్టీ పట్టే బాధ మనకు తప్పేది! లాభం కోసం, పేరు కోసం కాదు, మిత్రుడి జ్ఞాపకం నిలవాలనే ఈ పని చేశామని వారు పుస్తకం మొదట్లో రాసుకున్నారు. సుమారు 750 ప్రతులు వేసి ఉంటారని అంచనా. 230 పైచిలుకు ఈనాటికీ ఉన్నాయి.

అంత పెద్ద పుస్తకం ప్రపంచమంతా ఎలా తిరిగింది? దొరల ఓడ ఎక్కి తిరిగింది, నిజమే. మన దేశానికి కలెక్టరు కచేరీతో పాటు, కాలేజీ సిలబసుతో పాటు వచ్చింది. తెలుగులో వావిలాల వాసుదేవశాస్త్రి గారు ‘జూలియస్ సీజర్’ను ‘సీజరు చరిత్రము’గా, కందుకూరి వీరేశలింగం పంతులు గారు ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’ను ‘చమత్కార రత్నావళి’గా అందించింది ఆ రోజుల్లోనే. బళ్ళారి రాఘవ గారు (1880–1946) ప్లీడరు వృత్తిలో ఉంటూనే మన పౌరాణిక పాత్రలతో పాటు షేక్స్‌పియర్ పాత్రలూ ధరించారు.

కాని దొరలు తెచ్చిన పుస్తకాలన్నీ నిలిచాయా? అడిసన్ వ్యాసాలను ఇవాళ ఎవరు తీసి చదువుతున్నారు? పైగా దొరల పాలన లేని చోట్ల షేక్స్‌పియర్ ఇంకా గట్టిగా పాతుకున్నాడు. షేక్స్‌పియర్ పేరిట జర్మనీలోని వైమార్‌లో 1864లోనే సంఘం పెట్టారు. జపానులో త్సుబోఉచి షోయో అనే ఆచార్యుడు ఒంటిచేత్తో నాటకాలన్నీ జపానీలోకి తెచ్చి 1928 నాటికి పూర్తి చేశాడు. దొరలతో పోరాడిన వారు కూడా ఆయనను వదలలేదు. టాంజానియాకు స్వాతంత్ర్యం తెచ్చిన జూలియస్ నైరేరే, దేశం ఏలుతూనే ‘జూలియస్ సీజర్’ను స్వాహిలీలోకి అనువదించి 1963లో ప్రచురించాడు. దక్షిణాఫ్రికాలో రాబెన్ దీవి జైలులో సన్నీ వెంకటరత్నం అనే భారత సంతతి ఖైదీ దగ్గర షేక్స్‌పియర్ సంపుటం ఒకటి ఉండేది. దాని అట్టలకు దీపావళి శుభాకాంక్షల కార్డుల మీది దేవుళ్ళ బొమ్మలు అతికించి, ఇది మా మతగ్రంథం అని కాపలావాళ్ళను నమ్మించాడు. ఆ పుస్తకం తోటి ఖైదీల మధ్య తిరిగింది. ఒక్కొక్కరు తమకు నచ్చిన చోట సంతకం పెట్టారు. నెల్సన్ మండేలా 1977 డిసెంబరు 16న ‘జూలియస్ సీజర్’లో, చావంటే బెదరని సీజర్ మాటల పక్కన సంతకం చేశాడు. అణచినవాడి భాషలోని పుస్తకం అణగినవాడికి ధైర్యం చెప్పిందంటే సామ్రాజ్యాన్ని మించిన కారణం ఏదో ఉండాలి.

ఇక లియర్ దగ్గరకు వద్దాం.

బ్రిటన్ రాజు లియర్‌కు వయసు ఎనభై దాటింది. ముగ్గురు కూతుళ్ళు. రాజ్యభారం దించుకుని హాయిగా ఉండాలనుకుని నిండు సభ పెట్టి, నన్ను ఎవరు ఎంత ప్రేమిస్తున్నారో చెప్పండి, దాన్నిబట్టి వాటాలు పంచుతాను అంటాడు. పెద్దది గానెరిల్, రెండోది రీగన్ తేనె ఒలకబోస్తారు. చిన్నది కార్డీలియా మాత్రం కూతురిగా ఎంత ప్రేమించాలో అంతే, పెళ్ళయ్యాక అందులో సగం భర్తదే కదా అంటుంది. రాజుకు కోపం వచ్చి ఆమెను కట్టుబట్టలతో పంపేసి, రాజ్యమంతా పెద్దవాళ్ళిద్దరికీ రాసిచ్చేస్తాడు. తన కోసం ఉంచుకున్నది రాజు అనే పేరు, నూరుమంది రౌతులు. నెలకు ఒకరి ఇంట వంతున ఉంటాను, రౌతుల పోషణ మీదే అని షరతు. మన ప్రభుత్వం పింఛనులో కొంత భాగమే కమ్యూట్ చేసుకోనిస్తుంది. లియర్ మహారాజు మొత్తం కమ్యూట్ చేసి, ఆ సొమ్ము కూడా కూతుళ్ళ చేతిలో పెట్టిన మనిషి!

తర్వాతి కథ అంకెల్లో నడుస్తుంది. గానెరిల్ నూరుమందిని ఒక్క దెబ్బకు యాభై చేస్తుంది. ముసలాయన మండిపడి రీగన్ దగ్గరకు పోతే ఆమె ఇరవై అయిదు చాలంటుంది. అప్పుడు లియర్ చేసే పని చూడండి. యాభై అంటే ఇరవై అయిదుకు రెట్టింపు కనుక పెద్దదాని ప్రేమ నీ ప్రేమకు రెట్టింపు అని లెక్కగట్టి, మళ్ళీ గానెరిల్ వైపు తిరుగుతాడు. ఈలోగా ఆమె లెక్క మారిపోయింది. ఇరవై అయిదు మాత్రం ఎందుకు? పది? అయిదు? అసలు ఒక్కడైనా ఎందుకని రెండోది ముగిస్తుంది. అవసరం గురించి లెక్కలు వద్దు, కటిక బిచ్చగాడి దగ్గర కూడా అవసరానికి మించినది ఏదో ఒకటి ఉంటుంది అని ఆయన గింజుకుంటాడు. తలుపులు మూసేస్తారు. బయట గాలివాన.

ఈ ఘట్టాన్ని ఇరవై ఏళ్ళప్పుడు చదివితే రాజుల కథ. డెబ్బై ఏళ్ళప్పుడు చదివితే మన ఇళ్ళలో వినబడే మాటలే. ఆయనకు వేరే పేపరెందుకు, మేం చదివాక చూడవచ్చు కదా! ఆ గదిలో ఒక్కరికీ ఫ్యానెందుకు, హాల్లో కూర్చోవచ్చు కదా! రెండోసారి కాఫీ ఎందుకు, డాక్టరు వద్దన్నాడు కదా! ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబే. కోత మాత్రం ఆగదు. అవసరం వేరు, మర్యాద వేరు అన్న సంగతిని ఇంత సూటిగా చూపించిన దృశ్యం ఇంకొకటి నాకు తెలియదు.

ఇది ఊహలోంచే పుట్టినది కాకపోవచ్చు కూడా. 1603లో ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో బ్రయన్ యాన్స్లీ అనే వృద్ధుడు ఉండేవాడు. ఎలిజబెత్ రాణి కొలువులో ‘జెంటిల్‌మన్ పెన్షనర్’ ఆయన పదవి. ఆ పేరు చూసి మనలాంటివాడే అనుకోకండి, అది రాణి అంగరక్షక దళంలో ఉద్యోగం. ఆయనకు ముగ్గురు కూతుళ్ళు. పెద్దకూతురు తండ్రికి మతి చలించిందని తేల్చి ఆస్తిని తన అదుపులోకి తెచ్చుకోవాలని చూసింది. చిన్నమ్మాయి అడ్డుపడి, రాజుగారి మంత్రి రాబర్ట్ సెసిల్‌కు అర్జీ పెట్టుకుంది. ఆ అమ్మాయి పేరు కార్డెల్! మరుసటి ఏడు తండ్రి చనిపోయాడు. ఆస్తిలో ఎక్కువ భాగం చిన్నమ్మాయికే రాసిన వీలునామా, వ్యాజ్యం వచ్చినా నిలబడింది. ఈ వార్త షేక్స్‌పియర్ చెవిన పడి ఉంటుందని కొందరు పండితుల ఊహ. 1606 డిసెంబరు 26న ‘కింగ్ లియర్’ను రాజు మొదటి జేమ్స్ ఎదుట ఆడారు.

మన దేశంలో 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చిన సంగతి సభ్యులలో చాలామందికి తెలుసు. తెలియని వారు దాని 23వ సెక్షను సంగతి తెలుసుకోవడం మంచిది. తనను చూసుకోవాలన్న షరతు మీద వృద్ధులు ఆస్తి రాసిస్తే, తీసుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆ బదిలీ చెల్లదని ట్రిబ్యునల్ ప్రకటించవచ్చు. లియర్ నిండు సభలో షరతు పెట్టాడు కాబట్టి వాదించడానికి కొంత పట్టు ఉండేది. షరతు కాగితం మీద ఉంటే ఇంకా గట్టి పట్టు. నాలుగు శతాబ్దాల తర్వాత ఒక పార్లమెంటు ఇలాంటి సెక్షను రాయవలసి వచ్చిందంటే ఆ నాటకానికి కాలం చెల్లలేదనే కదా.

ఇంతవరకు చెప్పింది మన పక్షం. నాటకం ఒక్క మన పక్షమే అయితే ఇంత కాలం నిలిచేది కాదని నా నమ్మకం. గానెరిల్ పక్షం కూడా వినండి. నూరుమంది రౌతులు, వాళ్ళ గుర్రాలు, వేటలు, తాగుళ్ళు, అల్లరి. ఇల్లు సత్రమైపోయింది అని ఆమె గోల. నలుగురు చుట్టాలు పది రోజులుంటేనే కోడలికి నడుం పట్టేస్తుంది, నూరుమందికి నెలనెలా వండి వార్చడం ఎవరి తరం? పైగా లియర్ తన విదూషకుణ్ణి మందలించాడని ఆమె కొలువులోని మనిషిని కొడతాడు. పదవి వదిలాడు గాని పెత్తనం వదలలేదు. 1962లో పీటర్ బ్రూక్ ఈ నాటకాన్ని స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడించినప్పుడు, పాల్ స్కోఫీల్డ్ లియర్‌గా, రౌతులు బల్లలు తలకిందులు చేసి భోజనశాలను నాశనం చేస్తుంటే గానెరిల్ ఫిర్యాదులో న్యాయం ఉందే అని ప్రేక్షకులకు అనిపించింది. మాటలు షేక్స్‌పియర్‌వే. మార్చి చూపినది రౌతుల నడవడి. ఆ తర్వాత కూతుళ్ళు చేసే క్రూరత్వాన్ని ఎవరూ సమర్థించలేరు, అది వేరే సంగతి. కాని మొదట్లో ఆమె మాట తప్పు అని రచయిత ఎక్కడా చెప్పడు.

ఇదే నా జవాబు. ఆయన తీర్పు చెప్పడు. ఇద్దరి వాదాన్నీ ఎవరిది వారు చెప్పుకోనిస్తాడు. తీర్పు చూసేవారి మీద పడుతుంది. అందుకే వయసు మారితే, దేశం మారితే, ఇంట్లో మన స్థానం మారితే అదే నాటకం వేరుగా వినబడుతుంది. నీతి చెప్పిన నాటకం ఆ నీతి పాతబడగానే పాతబడుతుంది.

తీర్పు లేకపోవడాన్ని ఎందరో భరించలేకపోయారు. దాని చరిత్ర సరదాగా ఉంటుంది. పన్నెండో శతాబ్దంలో జెఫ్రీ ఆఫ్ మన్‌మత్ రాసిన పాత కథలోను, 1605లో అచ్చయిన మరో ‘లీర్’ నాటకంలోను రాజుకు రాజ్యం తిరిగి వస్తుంది. షేక్స్‌పియర్ ఒక్కడే కార్డీలియాను చంపి, ఆమె శవాన్ని తండ్రి చేతుల్లో పెట్టాడు. అది తట్టుకోలేక 1681లో నేహమ్ టేట్ అనే కవి కథ తిరగరాశాడు. రాజు సుఖంగా ఉంటాడు, కార్డీలియాకు పెళ్ళవుతుంది, శుభం! ఈ టేట్ మార్పులే సుమారు 150 ఏళ్ళు ఇంగ్లండు రంగస్థలాన్ని ఏలాయి. మహాపండితుడు శామ్యూల్ జాన్సన్ కూడా, కార్డీలియా చావు చదివి ఎంత కలత చెందానంటే నాటకాలు పరిష్కరించవలసి వచ్చేదాకా ఆ చివరి దృశ్యాలు మళ్ళీ ముట్టుకోలేదని ఒప్పుకున్నాడు. రాజు మూడో జార్జికి మతి భ్రమించిన కాలంలో, 1820లో ఆయన చనిపోయే వరకు, లియర్‌ను లండన్‌లో అసలు ఆడనివ్వలేదు. 1838లో మాక్రెడీ అనే నటుడు షేక్స్‌పియర్ కథనూ, టేట్ తీసేసిన విదూషకుణ్ణీ మళ్ళీ రంగస్థలం ఎక్కించాడు.

మనవాళ్ళూ శుభం కార్డే కోరుకున్నారు. 1949లో వాహినీ వారు తీసిన ‘గుణసుందరి కథ’ మనలో పెద్దలకు గుర్తుండే ఉంటుంది. కె.వి. రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి రచన, రాజుగా గోవిందరాజుల సుబ్బారావు గారు. ముగ్గురు కూతుళ్ళు, పొగడ్తలకు పొంగిన తండ్రి, భర్తే ముఖ్యమన్న చిన్నకూతురు. మూలం లియర్ కథేనని సినిమా చరిత్రకారులు చెబుతారు. కాని దానిలో శాపాలు, మణి, కస్తూరి శివరావు గారి హాస్యం కలిపి పక్కా తెలుగు జానపదం చేసేశారు. నేల టిక్కెట్టు ప్రేక్షకుడు ఇది ఇంగ్లీషు కథ అని ఎన్నడూ అనుకోలేదు. చివరకు తండ్రికి ఆరోగ్యం, కూతురికి సౌభాగ్యం. టేట్ కవి చూసి ఉంటే సంతోషించేవాడు.

జపాను దర్శకుడు అకిరా కురసావా దారి వేరు. 1985లో ఆయన ‘రన్’ చిత్రం విడుదలయ్యేనాటికి ఆయన వయసు 75. అందులో కూతుళ్ళు లేరు, ముగ్గురు కొడుకులు. ఆయనకు వచ్చిన సందేహం ఏమిటంటే, ఈ లియర్ ఎనభై ఏళ్ళు రాజ్యం ఎలా సంపాదించాడు, ఎవరిని ముంచి సంపాదించాడు? అందుకని ముసలి రాజుకు రక్తపాతంతో నిండిన గతాన్ని పెట్టాడు. ఊళ్ళు తగలబెట్టినవాడు, కోడళ్ళ పుట్టిళ్ళను నాశనం చేసినవాడు. పిల్లల చేతిలో పడే బాధలో గతం పాలెంత అన్న ప్రశ్న షేక్స్‌పియర్ అడగలేదు. అడగడానికి చోటు మాత్రం ఉంచాడు. ముసలితనం మీద జాలి పడుతూనే ముసలివాడిని బోనెక్కించడానికి డెబ్బై అయిదేళ్ళ దర్శకుడే కావాలేమో.

మరో చిన్న సంగతి చెప్పి ముగిస్తాను. ఈ నాటకానికి రెండు పాత ప్రతులున్నాయి. 1608లో విడిగా అచ్చయినది ఒకటి, హెమింగ్స్, కాండెల్ వేయించిన 1623 సంపుటంలోనిది ఒకటి. మొదటి దానిలోని సుమారు 300 పంక్తులు రెండో దానిలో లేవు. రెండో దానిలోని సుమారు 100 మొదటి దానిలో లేవు. అందరూ చనిపోయాక, శవాల మధ్య నిలబడి, పెద్దలు పడిన బాధను తలుచుకుంటూ ఒకరు నాలుగు పంక్తులు పలకగా నాటకం ముగుస్తుంది. 1608 ప్రతిలో ఆ మాటలు రాజుగారి పెద్దల్లుడు, గానెరిల్ భర్త ఆల్బనీవి. 1623 ప్రతిలో, కన్నతండ్రి తరిమేసినా ఆ తండ్రి గుడ్డివాడయ్యాక చెయ్యి పట్టుకుని నడిపించిన ఎడ్గార్ అనే యువకుడివి. ఇప్పటికీ నాటకం ఆడేవారు ఇద్దరిలో ఎవరి చేత ఆ మాటలు పలికించాలో తామే నిర్ణయించుకుంటున్నారు.